పిడికెడు బియ్యం : డోర్నకల్ బిషప్ అజరయ్య గారి జీవితం



మన హాస్టల్లో జనగామ వైపు వాళ్లున్నారు, మానుకోట వాళ్లున్నారు, భూపాలపల్లి వాళ్లున్నారు. మనందరికీ డోర్నకల్ అంటే రైలు జంక్షన్ అని తెలుసు. ఇల్లందు బొగ్గు కోసం వేసిన రైలు మార్గం అక్కడే చీలిపోతుంది. కానీ ఒకప్పుడు ఈ చిన్న ఊరి పేరు ఇంగ్లండు దాకా తెలిసింది. అది బొగ్గు వల్ల కాదు, ఒక మనిషి వల్ల. ఆయనే బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు.

అజరయ్య గారు మన తెలుగువారు కాదు. తమిళనాడులో తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళై అనే పల్లెలో 1874 ఆగస్టు 17న పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం గారు ఆ ఊరి పాస్టరు. అజరయ్య ఇంకా పిల్లవాడుగా ఉన్నప్పుడే తండ్రి చనిపోయారు. తల్లి ఎలెన్ అమ్మ కొడుకును భక్తిలో, కట్టుబాటులో పెంచింది. ఆయన కూడా మనలాగే ఇల్లు విడిచి బోర్డింగు బడిలో ఉండి చదువుకున్నవారే. తరువాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గానీ డిగ్రీ మాత్రం చేతికి రాలేదు. అయినా ఆ డిగ్రీ లేని మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. పరీక్ష పోయిందని బతుకే పోయిందనుకునే మన అన్నలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలె.

కాలేజీ విడిచిన తర్వాత 1895 నుండి వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా పనిచేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని పెండ్లి చేసుకున్నారు. 1902లో ఆయన సిలోనులోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ పైసలతో తామే ప్రచారకులను పంపుతుండటం చూశారు. అది ఆయన మనసులో ముల్లులాగ దిగింది. మన దేశంలో అప్పుడు సంగతి ఎట్లుండేది? గుడి కట్టాలంటే విదేశీ పైసలు, బడి పెట్టాలంటే విదేశీ పైసలు, పంతులుకు జీతం ఇవ్వాలన్నా ఓడ రావలసిందే. దేవుడు ఇస్తాడని పాట పాడేవాళ్లు, చేయి మాత్రం దొరగారి వైపు చాపేవాళ్లు. దేవుడు మనకేమీ ఇవ్వలేదా, మన దగ్గర ఆయనకిచ్చేది ఏమీ లేదా అని అజరయ్య గారు ఆలోచించారు.

ఆ ఆలోచనలోంచే 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. మనుషులు ఈ దేశం వాళ్లే, డబ్బు ఈ దేశానిదే, పెత్తనం కూడా ఈ దేశం వాళ్లదే. అదీ దాని నియమం. ఆ సొసైటీ ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని మన మానుకోట, డోర్నకల్ ప్రాంతం. భాష రాదు, చుట్టాలు లేరు, అడవి దగ్గర. 1905 డిసెంబరు 25న సేరంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడినప్పుడు కూడా అజరయ్య గారు దాని స్థాపకులలో ఒకరు.

ఇతరులను పంపి తాను పట్నంలో ఉండటం ఆయనకు నచ్చలేదు. 1909లో వై.ఎం.సి.ఎ. పని మానేసి, గురువుగా అభిషేకం పొంది, భార్యాపిల్లలతో డోర్నకల్ వచ్చేశారు. దేశమంతా తిరిగి పెద్దపెద్ద సభల్లో మాట్లాడిన మనిషి తెలుగు అ ఆ ల నుంచి మొదలుపెట్టారు. 1910లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడి, తెల్లవాళ్లు మాకు డబ్బూ ఇచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, ఇక స్నేహితులుగా మా పక్కన కూర్చోవాలి అనే భావం చెప్పారు. అక్కడున్న కొందరికి అది కష్టంగా తోచింది.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కథెడ్రల్‌లో ఆయనను డోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. నల్లవాడు బిషప్ ఏంది అని గొణిగినవాళ్లు తెల్లవాళ్లలో ఉన్నారు, మనవాళ్లలోనూ ఉన్నారు. ఆయన ఎవరికీ ఎదురు జవాబు చెప్పుకుంట కూర్చోలేదు. ఎడ్ల బండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగారు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఆ పల్లెల్లో సంఘంలో చేరినవాళ్లు ఎక్కువ మంది మాల, మాదిగ పేటల కూలీలు. వాళ్లకు రూపాయి కంటికి కనపడేది కాదు. కూలి గింజల రూపంలో వచ్చేది. ఆ గింజలు కూడా కడుపుకు సరిపోయేవి కావు. అట్లాంటి వాళ్లను దేవునికి ఇవ్వమని అడగొచ్చునా? ఆకలితో ఉన్నవాని పళ్లెంలోంచి తీసుకోవడం పాపం కాదా? ఇది చిన్న ప్రశ్న కాదు.

అజరయ్య గారి సమాధానం బైబిలులోని సారెపతు విధవరాలి కథలో దొరుకుతుంది. కరువు కాలంలో ఆమె దగ్గర ఒక పూటకు సరిపోయే పిండి, కొంచెం నూనె మాత్రమే మిగిలాయి. ఏలీయా ప్రవక్త ముందు తనకు ఒక రొట్టె చేసి పెట్టమన్నాడు. ఆమె పెట్టింది. ఆ కరువు తీరేదాకా ఆమె ఇంట్లో పిండి తరగలేదు. పేదవాడు ఇవ్వలేడని అనుకోవడం వాడిని ఇంకా కిందికి తొక్కడమే అని అజరయ్య గారు నమ్మారు. ఎప్పుడూ తీసుకునేవాని తల వంగే ఉంటుంది. పిడికెడైనా ఇచ్చినవాడు తల ఎత్తి నిలబడతాడు.

అందుకే ఆయన సంఘాల్లో పిడికెడు బియ్యం పద్ధతి నడిచింది. ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆ బియ్యం సంఘానికి వస్తుంది, పల్లె పంతులు పోషణకు పనికొస్తుంది. లెక్క వేసి చూద్దాం. పిడికెడు అంటే 50 గ్రాములు అనుకుందాం. రెండు పూటలకు 100 గ్రాములు. 40 ఇండ్లుంటే రోజుకు 4 కిలోలు, నెలకు 120 కిలోలు, అంటే క్వింటాలు పైనే. అన్ని ఇండ్లలో ప్రతి పూటా పొయ్యి వెలగకపోవచ్చు, సగమే వచ్చినా ఒక కుటుంబం బతుకుతుంది. కోతల పండుగకైతే వడ్లు, జొన్నలు, కోళ్లు, మేకపిల్లలు కూడా తెచ్చి గుడిలో ఇచ్చేవాళ్లు. మన కోయ మిత్రులు కొత్తల పండుగనాడు కొత్త పంటను ముందు దేవుడికి పెట్టి తర్వాతే తింటారు గదా. ఇచ్చినవాడికి ముందు ఇచ్చి మనం తినడమనే సంగతి మన గూడేలకు కొత్తది కాదు.

దేవుడు చూసుకుంటాడు అంటే చేతులు కట్టుకొని కూర్చోవడం అని అజరయ్య గారు ఎన్నడూ చెప్పలేదు. మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగింటినీ ఆయన నాలుగు దయ్యాలని పిలిచి ఊరూరా వాటి మీద పోరాడారు. పెండ్లికి అప్పు చేసి, కల్లు దుకాణంలో కూలి పోసి, తర్వాత దేవుడే దిక్కు అనడం నమ్మకం కాదు. ఆకాశ పక్షులను దేవుడు పోషిస్తాడని యేసు ప్రభువు చెప్పారు. కానీ పక్షి పొద్దున్నే లేచి ఎగరాలి, గూట్లోకి గింజ రాదు.

ఆయన నమ్మకానికి పెద్ద పరీక్ష డోర్నకల్ కథెడ్రల్. అది ఇంగ్లండు గుడిలాగ ఉండొద్దు, ఈ నేల గుడిలాగ ఉండాలని ఆయన కోరిక. అందుకే అందులో హిందూ దేవాలయం స్తంభాలు, మసీదు గుమ్మటాల పోలికలు కనిపిస్తాయి. కట్టడానికి ఇరవై ఏండ్ల పైనే పట్టింది. చివరికి 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు దాన్ని ప్రతిష్ఠించారు. తూర్పు దేశపు జ్ఞానులు బాల యేసుకు కానుకలు తెచ్చిన రోజు అది. కానుకల గురించి జీవితమంతా బోధించిన మనిషికి అంతకంటే మంచి రోజు దొరకదు.

1945 జనవరి 1న అజరయ్య గారు డోర్నకల్‌లోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన డయాసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. ఆయన ఎంతో కష్టపడిన సంఘాల ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడింది. అది చూడటానికి ఆయన లేరు. నాటినవాడే కోయాలని లేదు గదా.

అజరయ్య గారి రోజుల్లో కూడా వానలు తప్పాయి, అప్పులున్నాయి, రోగాలతో పిల్లలు చనిపోయారు. దేవుణ్ణి నమ్మినందుకు ఆ కష్టాలన్నీ మాయం కాలేదు. కానీ ఆయనను నమ్మినవాళ్లు ఒకళ్లకొకళ్లు దిక్కు అయ్యారు. ఆకాశం నుంచి మూట పడలేదు, పక్కింటి కుండలోంచి పిడికెడు వచ్చింది. దేవుడు సమకూర్చేది ఎక్కువసార్లు మనిషి చేతుల మీదుగానే.

మిత్రులారా, మన హాస్టల్లో ఇంటి నుంచి పైసలు రానివాళ్లు ఉంటారు, నోటుబుక్కు అయిపోయి అడగడానికి సిగ్గుపడేవాళ్లు ఉంటారు. వాళ్లు రాత్రి దేవుణ్ణి అడుగుతూ ఉండవచ్చు. ఆ ప్రార్థనకు జవాబు మన ట్రంకుపెట్టెలోనే ఉండవచ్చు. ఏ దేవుణ్ణి మొక్కేవాళ్లమైనా సరే, మనకున్న దాంట్లోంచి ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడదాం.