మన్రో దొర: పత్తికొండ బావియు, పల్లెపాటలును

మన ఆస్పరికి ఆగ్నేయదిశయందు పత్తికొండ కలదు. ఒక పరదేశీయుడు అచ్చట 1827వ సంవత్సరము జూలై 6వ తేదీ రాత్రి వాంతిభేదిచే మృతినొందెను. అతని జ్ఞాపకార్థము దొరతనమువారు ఆ యూర నొక మెట్లబావిని త్రవ్వించి, చెట్లతోపు వేయించిరి. అతడే సర్ తామస్ మన్రో. ఈ సీమయందు అతనినిగూర్చి పాటలును, కథలును పుట్టినవి. ఆ పాటలలో చేరని సంగతులును కొన్ని కలవు. రెండింటిని కలిపి మా విద్యార్థులకు తెలుపవలయునని ఈ చరిత్రమును వ్రాయుచున్నాము.

మన్రో 1761వ సంవత్సరము మే 27వ తేదీన స్కాట్లండు దేశమందలి గ్లాస్గో పట్టణమున జన్మించెను. తండ్రి అమెరికాలోని వర్జీనియా సీమతో పొగాకు వర్తకము చేయువాడు. అమెరికావారు ఇంగ్లండుపై స్వాతంత్ర్యయుద్ధ మారంభింపగా ఆ వర్తకము కూలిపోయి కుటుంబము పేదరికము పాలయ్యెను. సముద్రమున కావల జరిగిన యుద్ధము ఒక బాలుని మన దేశమునకు పంపినదన్నమాట. ఈ బాలునకు చదువుపై మక్కువ మెండు. డాన్ క్విక్సోటు కథను మూలమునందే చదువవలెనని నిఘంటువును, వ్యాకరణమును చేతబట్టుకొని స్పానిషు భాషను తనంత తానే నేర్చుకొనెను.

1780లో అతడు కుంఫిణీ సేనయందు చిన్న యుద్యోగియై చెన్నపట్టణమున దిగెను. హైదరాలీతో జరిగిన యుద్ధమున పాల్గొనెను. పారసీ, హిందుస్తానీ భాషల నభ్యసించెను. 1792 మొదలు బారామహలునందు పన్నుల పనిలో నుండి, ఒక్కొక్క రైతు పొలమును చూచి పన్ను నిర్ణయించు పద్ధతిని నేర్చెను. తరువాతి కాలమున రైత్వారీ యని పేరుగాంచినది ఈ పద్ధతియే.

1800లో నైజాము ప్రభువు బళ్లారి, కడప మొదలగు ప్రాంతములను కుంఫిణీవారి కిచ్చివేసెను. దత్తమండలములను పేరు ఆనాడు వచ్చినదే. 1928లో నంద్యాల సభయందు రాయలసీమ యను పేరు పెట్టువరకు మన సీమ కిదియే పేరు. ఆదవాని సీమయు అందులోనిదే. మన్రో ఈ మండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చెను. అప్పటికి ఇచ్చట సుమారు 80 మంది పాలెగాండ్రుండిరి. యుద్ధములచేతను, దోపిళ్లచేతను పల్లెలు నలిగియుండెను. మన్రో ఏడేండ్లు అధికభాగము గుడారములలోనే నివసించి ఊరూర తిరిగెను. 1802లో ఆరంభమైన భూముల కొలత 1806లో ముగిసెను. రైతు గుడారము ముంగిట నిలిచి దొరతో నేరుగా మొర పెట్టుకొనుట ఈ సీమకు క్రొత్త సంగతి. జనులకు అతనిపై కలిగిన అభిమానమునకు ఇదియే మూలమని మా యభిప్రాయము.

ఆ యభిమానము పాటగా మారెను. గతశతాబ్దికి ముందటి శతాబ్దమున కడప ప్రాంతమున భిక్షుకులు ఇంటింట మన్రోను కీర్తించు పాటలు పాడుచుండిరి. బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొన్నవారు కలరు. కొందరు అతనిని మాండవ్య ఋషి యవతారమనిరి. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి బృందావనము నుండి లేచివచ్చి అతనితో మాటలాడెననియు, చుట్టునున్నవారి కది కనబడలేదనియు, పిమ్మట మఠపు మాన్యము నిలిచెననియు ఒక కథ. వేంపల్లె సమీపమున పాపఘ్ని ప్రవహించు గండిలో, మరణము సమీపించిన పుణ్యాత్ములకు మాత్రమే కనబడు బంగారు తోరణము అతనికి కనబడెనని మరియొక కథ. ఇవి జరిగెనని మేము చెప్పుట లేదు. ఒక పన్నుల యధికారిని జనులు ఇట్టి కథలలో చేర్చుకొనిరనుట మాత్రము నిజము, అదియే వింత.

అయినను పాట చెప్పనిది వినుడు. 1801లో మనకు దూరము కాని తెర్నేకల్ గ్రామస్థులు పన్ను విషయమున తిరుగబడి, కోట తలుపులు మూసికొనిరి. కుంఫిణీ సేన మొదటి దాడియందు వెనుదిరిగెను. మరల మరల వచ్చి తుదకు కోటను పట్టుకొనెను. గ్రామనాయకుడైన ముత్తుకూరు గౌడప్పను ఉరితీసిరని నేటికిని చెప్పుకొందురు. రైతుల మొర విన్న కలెక్టరును, తెర్నేకల్‌పై ఫిరంగులు గురిపెట్టిన ప్రభుత్వమును వేరు వేరు కావు. మన్రో యధికారమున ఏడేండ్లలో ఈ మండలముల రాబడి సుమారు సగము పెరిగెను. ఆ పెరిగిన ధనము ఎవరి గాదెలనుండి వచ్చెనో చెప్పనక్కరలేదు.

ఇచ్చట మన్రో గుణమొకటి గమనింపదగినది. తాను విధించిన పన్ను భారమైనదని అతడు తానే గ్రహించెను. 1807లో స్వదేశమునకు పోవుటకు ముందు, పన్నులో నూటికి 25 వంతులు తగ్గింపవలెనని పైవారికి వ్రాసెను. వారు వినలేదు. 1820లో తానే చెన్నపట్టణ గవర్నరై తిరిగివచ్చి ఆ తగ్గింపును అమలు జరిపెను. నడుమ పదుమూడేండ్లు మన రైతులు ఆ భారమును మోసిరి. తప్పును ఒప్పుకొనుట గొప్ప గుణమే. కాని దిద్దుబాటు ఆలస్యమైనచో దాని మూల్యము ఇతరులు చెల్లింతురు.

పాఠశాలవారమగు మాకు మరియొక కారణమున అతడు స్మరణీయుడు. రాజధానియందలి దేశీయ పాఠశాలలను లెక్కింపుడని 1822లో అతడు ఉత్తరువు చేసెను. ఆదవాని చేరియున్న నాటి బళ్లారి జిల్లానుండి 1823లో వచ్చిన లెక్క యిది: జనులు 9,27,857, పాఠశాలలు 533, విద్యార్థులు 6,641. వీరిలో బాలికలు 60 మంది మాత్రమే. 1826లో మన్రో తాలూకాకొక పాఠశాలయు, జిల్లాకు రెండు పెద్ద పాఠశాలలును ఉండవలెనని నిశ్చయించెను. ఆ పని సాగకమునుపే మృత్యువు వచ్చెను.

అప్పటికే అతడు పదవినుండి విడుదల కోరియుండెను. భార్య 1826లోనే ఇంగ్లండునకు వెడలెను. క్రొత్త గవర్నరు వచ్చులోపల తాను పూర్వము తిరిగిన సీమను కడసారి చూచుటకై 1827 వేసవిలో బయలుదేరెను. గుత్తికి వచ్చునప్పటికి మకాములో వాంతిభేది ప్రవేశించెను. పత్తికొండ మజిలీలో అది అతనినే పట్టుకొనెను. ఉదయము సోకినది, రాత్రికి ప్రాణము తీసెను. దేహమును గుత్తికోట క్రింద సమాధి చేసి, 1831లో చెన్నపట్టణపు కోటయందలి సెయింటు మేరీ దేవాలయమునకు మార్చిరి. ఆ నగరమున 1839లో నిలిపిన అశ్వవిగ్రహమునకు జీనును, అంకెవన్నెలును లేవు. శిల్పి మరచిపోయి సిగ్గుతో ప్రాణము తీసికొనెనని జనులు చెప్పుదురు. అది కల్ల. చాంట్రీ యను ఆ శిల్పి ఇతర విగ్రహమును గూడ అట్లే చేసియుండెను.

ప్రియవిద్యార్థులారా! పత్తికొండకు పోయినపుడు ఆ బావిని చూడుడు. తెర్నేకల్ త్రోవను పోవునపుడు గౌడప్పను తలచుకొనుడు. పాట ప్రేమించినదానిని నిలుపును, లెక్కలపుస్తకము వసూలైనదానిని నిలుపును. రెండును మరచినదానిని వెదకి నిలుపుట చదువుకొన్నవారి విధి. ఒక మనుష్యుని మంచిని దాచక, అతని పాలనలో పడిన బాధను దాచక చెప్పగలిగిననాడే మనము చరిత్ర చదివినవారమగుదుము.