రాజుగారి పండుగకు పాట కట్టిన వలసవాసి – హాండెల్

పిల్లలూ! 2023 మే 6న లండన్‌లో చార్లెస్ రాజుగారి పట్టాభిషేకం జరిగింది కదా! ఆయన మన కెనడాకు కూడా రాజే. ఆ రోజు వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో పాడిన ఒక బృందగానం వయసు దాదాపు 300 ఏళ్ళు. దాన్ని కట్టిన హాండెల్ ఇంగ్లండులో పుట్టినవారు కాదు. మన అమ్మానాన్నల్లాగే వలస వచ్చినవారు.

జార్జ్ ఫ్రెడరిక్ హాండెల్ 1685లో జర్మనీలోని హాలె పట్టణంలో పుట్టారు. తండ్రి శస్త్రవైద్యుడు. కొడుకు లాయరు కావాలని ఆయన పట్టుదల. ఒక ప్రభువు ఆ పిల్లవాడి వాయిద్యం విని నచ్చజెప్పాక తండ్రి మెత్తబడ్డారని చెబుతారు.

హాండెల్ ఇటలీలో పేరు తెచ్చుకుని, 1710లో హనోవర్ ప్రభువు కొలువులో చేరారు. సెలవు తీసుకుని లండన్ వెళ్ళారు. రెండోసారి వెళ్ళి, ఇక ఆ కొలువుకు తిరిగి రానేలేదు! 1713లో యుట్రెక్ట్ శాంతి ఒడంబడిక జరిగింది. మన న్యూఫౌండ్‌లాండ్, హడ్సన్ బే, నోవా స్కోషియా ప్రాంతాలను ఫ్రాన్సు బ్రిటన్‌కు వదులుకున్నది అప్పుడే. ఆ ఉత్సవానికి సెయింట్ పాల్స్ చర్చిలో పాడిన బృందగానం హాండెల్ కట్టినదే. యాన్ రాణి ఏడాదికి 200 పౌండ్ల భృతి ఇచ్చారు.

1714లో రాణి మరణించారు. తర్వాత రాజైనది ఎవరనుకున్నారు? ఆ హనోవర్ ప్రభువే! హాండెల్ గుండెలో రాయి పడే ఉంటుంది. కానీ మొదటి జార్జి రాజు కోపగించలేదు సరికదా, భృతి పెంచారు.

1727లో హాండెల్ బ్రిటిష్ పౌరుడయ్యారు. అదే ఏడాది అక్టోబరు 11న రెండవ జార్జి పట్టాభిషేకానికి నాలుగు బృందగీతాలు కట్టారు. వాటిలో 'జేడాక్ ద ప్రీస్ట్' వినండి. ముందు వయొలిన్లు మెల్లగా అలల్లా సాగుతాయి. ఎంతసేపటికీ పాట మొదలు కాదు. ఒక్కసారిగా గాయకులంతా ఏడు గాత్రాలుగా గొంతెత్తుతారు. బాకాలు, నగారాలు తోడవుతాయి. ఒళ్ళు పులకరిస్తుంది! అప్పటి నుంచి అక్కడ జరిగిన ప్రతి పట్టాభిషేకంలోనూ ఆ పాట పాడుతున్నారు.

తర్వాత కష్టాలూ వచ్చాయి. 1737లో జబ్బుచేసి కుడిచెయ్యి పడిపోయింది. కోలుకుని, 1741లో 'మెస్సయ్య'ను 24 రోజుల్లో రాశారు. మరుసటి ఏడు డబ్లిన్‌లో దాని మొదటి ప్రదర్శన డబ్బుతో అప్పులపాలై జైల్లో ఉన్న 142 మందిని విడిపించారు. టొరాంటోలో ప్రతి డిసెంబరులో వినిపించేది ఆ 'మెస్సయ్యే'.

చివర్లో చూపు పోయినా ఆర్గన్ వాయించడం మానలేదు. 1759లో కన్నుమూశారు. పట్టాభిషేకాలు జరిగే ఆ అబ్బేలోనే ఆయన సమాధి ఉంది.

పిల్లలూ! హాండెల్ ఇంగ్లీషులో జర్మన్ యాస చివరిదాకా పోలేదు. అయినా ఆ దేశం తన పెద్ద పండుగలకు ఆయన పాటనే పాడుకుంది. మీ ఇంట్లో తాతగారి, అమ్మమ్మగారి ఇంగ్లీషు విని నవ్వు వస్తే, ఈ కథ గుర్తు చేసుకోండి.