కీర్తిశేషులు బూర్గుల రామకృష్ణరావు పంతులుగారు

మన సమాజమునకు శిరోభూషణమగు పంతులుగారు మహబూబునగరము జిల్లా పడకల్లు గ్రామమున 1899లో జన్మించిరి. పూనాలో చదివి, హైదరాబాదులో వకీలుగా ప్రఖ్యాతి గాంచి, 1950లో రెవిన్యూ మంత్రి యైరి. ఆ యేటి కౌలుదారీ చట్టముచే, తహసీలుదారు విచారించి ఉత్తరు విచ్చినగాని రక్షిత కౌలుదారును భూమినుండి తొలగింపరాదు. అంతకు పూర్వము నల్లగొండ, మహబూబునగరములలోని పెక్కు గ్రామములందు దొర మాటయే తీర్పు! ఆ సంవత్సరమే జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగపు 311వ అధికరణము సర్కారు నౌకరులకును ఇట్టి రక్షణ నొసగెను. సంజాయిషీ చెప్పుకొను నవకాశ మీయక వారిని బర్తరఫు చేయుట సాధారణముగా చెల్లదు. సస్పెన్షనునకు మాత్రము ఈ రక్షణ లేదు. విచారణకు ముందే జీవనభృతిపై ఇంట కూర్చుండబెట్టుటయు శిక్షయే యని మా యభిప్రాయము. మనలో ననేకులు సర్కారు నౌకరులే గదా! పంతులుగారు 1952 మొదలు 1956 వరకు హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా నుండి, పిమ్మట కేరళ, ఉత్తరప్రదేశములకు గవర్నరై, 1967లో పరమపదించిరి.