ఓదార్పు పొంది, ఓదార్పు పంచిన హజ్రత్ అస్మా (రజి)

ఒక ఇంట్లో మరణం సంభవిస్తే నలుగురూ వస్తారు. సబర్ చేయమని చెబుతారు, దుఆ చేసి వెళ్లిపోతారు. ఆ తర్వాత ఆ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించాలి, పసివాళ్లకు అన్నం ఎవరు పెట్టాలి, యతీములైన పిల్లల బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలు మాత్రం ఆ ఇంటివాళ్లకే మిగిలిపోతాయి. ఈ ప్రశ్నలకు మన ధర్మం మాటలతో కాక ఆచరణతో జవాబు చెప్పింది. ఆ జవాబు హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది.

హజ్రత్ అస్మా (రజి) ఖస్అమ్ తెగకు చెందిన స్త్రీ. ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ మైమూనా (రజి), హజ్రత్ అబ్బాస్ (రజి) భార్య ఉమ్ముల్ ఫజల్ (రజి) ఆమెకు ఒకే తల్లి బిడ్డలు. దైవప్రవక్త ముహమ్మద్ (స) మక్కాలో సత్యసందేశాన్ని వినిపించడం ప్రారంభించిన తొలి రోజుల్లోనే ఆమె ఇస్లాం స్వీకరించారు. ఆమె భర్త హజ్రత్ జాఫర్ (రజి) దైవప్రవక్త (స) పెదతండ్రి అబూ తాలిబ్ కుమారుడు, హజ్రత్ అలీ (రజి)కి అన్నగారు. రూపంలోనూ నడవడిలోనూ దైవప్రవక్త (స)ను పోలినవారు.

మక్కా ఖురైషీల వేధింపులు భరించరానివి కావడంతో ఈ యువదంపతులు సముద్రం దాటి హబషా దేశానికి వలస వెళ్లారు. అక్కడి రాజు నజాషీ దర్బారులో ముస్లిముల తరఫున మాట్లాడి, సూరె మర్యమ్ పఠించి వినిపించినది హజ్రత్ జాఫరే. రాజు ఆశ్రయమైతే ఇచ్చాడు. కానీ పరాయి దేశం, పరాయి భాష. పుట్టింటివారు లేరు, అత్తింటివారు లేరు. ఆ పరిస్థితుల్లోనే అస్మా (రజి) అబ్దుల్లాహ్, ముహమ్మద్, ఔన్ అనే ముగ్గురు కుమారులను కన్నారు. సుమారు పన్నెండేళ్లు అక్కడే గడిచాయి.

హిజ్రీ 7లో, అంటే క్రీ.శ. 628లో, ఖైబర్ విజయం జరిగిన రోజుల్లో వారు ఓడ ఎక్కి మదీనా చేరుకున్నారు. ఒక రోజు అస్మా (రజి) ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ హఫ్సా (రజి) ఇంటికి వెళ్లారు. అక్కడికి వచ్చిన హజ్రత్ ఉమర్ (రజి), మదీనాకు ముందుగా హిజ్రత్ చేసింది తామే కనుక దైవప్రవక్త (స)పై తమకే ఎక్కువ హక్కు ఉందన్నారు. ఆ మాట ఆమెను బాధించింది. మీరు ప్రవక్త (స) నీడలో ఉన్నారు, ఆయన మీలో ఆకలిగొన్నవారికి అన్నం పెట్టారు, తెలియనివారికి నేర్పారు, మేము మాత్రం దూరదేశంలో భయం మధ్య బతికామని సమాధానమిచ్చారు. ఈ సంగతి దైవప్రవక్త (స)కు విన్నవించేదాకా అన్నపానీయాలు ముట్టనని ప్రమాణం చేశారు. దైవప్రవక్త (స) అంతా విని, వారిది ఒక్క హిజ్రత్ అయితే ఓడలో వచ్చినవారిది రెండు హిజ్రత్‌లని తీర్పు చెప్పారు. హబషా నుంచి వచ్చినవారు గుంపులు గుంపులుగా ఆమె ఇంటికి వచ్చి ఆ శుభవార్తను మళ్లీ మళ్లీ చెప్పించుకుని విన్నారు. పడిన కష్టాన్ని ఎవరైనా గుర్తిస్తే మనిషి గుండె ఎంత తేలికపడుతుందో ఈ సంఘటన తెలుపుతుంది.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలువలేదు. హిజ్రీ 8లో, క్రీ.శ. 629లో, నేటి జోర్డాన్ దేశంలో ఉన్న మూతా వైపు 3,000 మంది ముస్లిం సైన్యం బయలుదేరింది. జైద్ బిన్ హారిసా (రజి) అమరులైతే జాఫర్ (రజి), ఆయన తర్వాత అబ్దుల్లాహ్ బిన్ రవాహా (రజి) నాయకత్వం వహించాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. ముగ్గురూ అదే క్రమంలో షహీద్ అయ్యారు. జెండా పట్టుకున్న జాఫర్ (రజి) రెండు చేతులూ తెగిపోయాయి. ఆ చేతులకు బదులు అల్లాహ్ స్వర్గంలో రెండు రెక్కలు ప్రసాదించాడన్న శుభవార్త వల్లనే ఆయనకు జాఫరె తయ్యార్ అనే పేరు నిలిచింది.

ఆ రోజు మదీనాలో అస్మా (రజి) ఎప్పటిలాగే ఇంటిపనిలో ఉన్నారు. తోళ్లు పదును చేశారు. పిండి కలిపారు. పిల్లలకు స్నానం చేయించి, నూనె రాసి, శుభ్రంగా తయారుచేశారు. దైవప్రవక్త (స) లోపలికి వచ్చి జాఫర్ పిల్లలను తీసుకురమ్మన్నారు. వాళ్లను దగ్గరకు తీసుకుని వాసన చూశారు. ఆయన కళ్లు చెమర్చాయి. ఆమెకు అనుమానం వచ్చి, జాఫర్ గురించి ఏదైనా కబురు వచ్చిందా అని అడిగారు. ఆయన ఉన్న నిజం చెప్పారు. ఆమె బిగ్గరగా ఏడ్చారు. చుట్టుపక్కల స్త్రీలు పరుగున వచ్చారు.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉంది. దైవప్రవక్త (స) అక్కడి నుంచి తన ఇంటికి వెళ్లి ముందుగా చేసిన పని, జాఫర్ ఇంటివారికి భోజనం సిద్ధం చేయమని ఇంట్లోవారికి చెప్పడం. వారు దుఃఖంలో మునిగి ఉన్నారు కనుక వండుకునే స్థితిలో లేరని ఆయన గ్రహించారు. కలిపిన పిండి అలాగే ఉండిపోయిన ఆ ఇంటికి అన్నం మరో ఇంటి నుంచి వచ్చింది. నేటికీ ముస్లిములు పాటించే సున్నత్ అది.

మూడు రోజులు వారిని మనసారా ఏడవనిచ్చారు. ఆ తర్వాత మళ్లీ వచ్చి, ఇక తన సోదరుని కోసం ఏడవవద్దని చెప్పారు. పిల్లలను పిలిపించారు. వాళ్లు పక్షిపిల్లల్లా బిక్కుబిక్కుమంటూ వచ్చారు. మంగలిని పిలిపించి వాళ్ల తలలు గొరిగించారు. ముహమ్మద్ తన పెదతండ్రి అబూ తాలిబ్ పోలికని, అబ్దుల్లాహ్ రూపంలోనూ గుణంలోనూ తన పోలికని చెప్పి మురిపించారు. అబ్దుల్లాహ్ చేయి పట్టుకుని అతని వ్యాపారంలో బర్కత్ కలగాలని దుఆ చేశారు. తల్లి వాళ్ల యతీమీ గురించి దిగులు పడితే, వాళ్ల పేదరికానికి భయపడవద్దని, ఇహలోకంలోనూ పరలోకంలోనూ వాళ్లకు సంరక్షకుణ్ణి తానేనని హామీ ఇచ్చారు. తండ్రి ముఖమే చూడని యతీమ్‌గా పెరిగిన ఆయనకు ఆ దిగులు తెలియనిదా!

మాట ఇచ్చి మరచిపోలేదు కూడా. ఒకసారి ఆ పిల్లలు చిక్కిపోయి కనిపిస్తే తిండి లేకనా అని కారణం అడిగారు. తల్లి దిష్టి తగులుతోందని చెబితే దుఆలు చదివి ఊదమన్నారు. కష్టం వచ్చినప్పుడు అల్లాహ్ ఒక్కడే తన ప్రభువని, ఆయనకు సాటి ఎవరూ లేరని చెప్పుకునే చిన్న దుఆను అస్మా (రజి)కి స్వయంగా నేర్పారు.

ఇద్దత్ ముగిసిన తర్వాత హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆమెను నికాహ్ చేసుకున్నారు. ముగ్గురు పిల్లల తల్లి అని ఆ సమాజం ఆమెను మూల కూర్చోబెట్టలేదు. హిజ్రీ 10లో హజ్జతుల్ విదా ప్రయాణంలో జుల్ హులైఫా దగ్గర ఆమెకు ముహమ్మద్ బిన్ అబీబక్ర్ జన్మించాడు. హజ్ చేజారిపోతుందేమోనని ఆమె కలత చెందితే, స్నానం చేసి ఇహ్రామ్ ధరించమని దైవప్రవక్త (స) దారి చూపారు.

దుఃఖంలో ఆదరణ పొందిన అస్మా (రజి) ఆ ఆదరణను ఇతరులకు పంచారు. హిజ్రీ 11లో దైవప్రవక్త (స) పరమపదించిన సుమారు ఆరు నెలలకు ఆయన కుమార్తె హజ్రత్ ఫాతిమా (రజి) మరణశయ్యపై ఉన్నారు. జనాజాపై ఒక్క గుడ్డ మాత్రమే కప్పితే స్త్రీ శరీరాకృతి తెలిసిపోతుందన్నది ఆమె బాధ. హబషాలో తాను చూసిన పద్ధతిని అస్మా (రజి) గుర్తు చేసుకుని, ఖర్జూరపు పచ్చి మట్టలు వంచి, వాటిపై గుడ్డ కప్పి చూపించారు. ఫాతిమా (రజి) మనసు కుదుటపడింది. తన గుస్ల్‌లో అస్మా (రజి) ఉండాలని ఆమె కోరుకున్నట్లు గ్రంథాలు తెలుపుతున్నాయి. పరాయి దేశంలో గడిపిన కష్టకాలం ఈ విధంగా ఒక బిడ్డ చివరి ఘడియలకు ఊరటనిచ్చింది.

హిజ్రీ 13లో, క్రీ.శ. 634లో, హజ్రత్ అబూబక్ర్ (రజి) కన్నుమూశారు. తనకు గుస్ల్ భార్యే చేయించాలని ఆయన వసియ్యత్ చేశారు. ఆ రోజు బాగా చలిగా ఉంది, ఆమె రోజాతో ఉన్నారు. అయినా భర్త చివరి కోరికను స్వహస్తాలతో నెరవేర్చారు. అప్పటికి చిన్న కొడుక్కి ఇంకా మూడేళ్లు నిండలేదు.

తర్వాత హజ్రత్ అలీ (రజి) ఆమెను నికాహ్ చేసుకున్నారు. జాఫర్ పిల్లలకు ఆయన సొంత బాబాయి. అబూబక్ర్ బిడ్డను కూడా ఆయన తన బిడ్డలాగే పెంచారు. ఒకనాడు జాఫర్ కొడుకు ముహమ్మద్, అబూబక్ర్ కొడుకు ముహమ్మద్ ఎవరి తండ్రి గొప్ప అని వాదించుకున్నారు. అలీ (రజి) తీర్పు తల్లికే వదిలేశారు. యువకుల్లో జాఫర్ కంటే ఉత్తముణ్ణి, వయసు మళ్లినవారిలో అబూబక్ర్ కంటే ఉత్తముణ్ణి చూడలేదని ఆమె చెప్పారు. మరి నాకేం మిగిల్చావని అలీ (రజి) చమత్కరించారు. పోయినవారి పేరు ఎత్తితే ముఖం ముడుచుకునే ఇల్లు కాదది. పిల్లలు తమ తండ్రులను గర్వంగా తలచుకోగల ఇల్లు.

హిజ్రీ 38లో ఆ చిన్న కొడుకు ముహమ్మద్ బిన్ అబీబక్ర్ ఈజిప్టులో హతుడయ్యాడు. కబురు విన్న తల్లి నమాజు చేసుకునే చోటికి వెళ్లి, దుఃఖాన్ని అక్కడే దిగమింగుకున్నారు. పెద్ద కొడుకు అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) మాత్రం దైవప్రవక్త (స) దుఆ ఫలించి, అరబ్బుల్లో పేరెన్నికగన్న దాతగా ఎదిగారు. ఒకనాడు పొరుగింటి నుంచి వచ్చిన అన్నం తిన్న యతీమ్ పిల్లవాడు ఎందరికో అన్నం పెట్టాడు.

మన ఊళ్లలోనూ మయ్యత్ ఇంటికి బంధువులు, ఇరుగుపొరుగువారు అన్నం పంపే మంచి అలవాటు ఉంది. కానీ ఆ తర్వాతి రోజుల్లో వచ్చిపోయేవారికి భోజనాలు పెట్టడానికి ఆ ఇంటివారే అప్పు చేయవలసి వస్తే, మనం సున్నత్‌ను తలకిందులు చేసినట్లే. ఇద్దత్‌లో ఉన్న సోదరికి బజారు నుంచి సరుకులు తెచ్చేదెవరు? ఆమె పిల్లల స్కూలు ఫీజు కట్టేదెవరు? ఇద్దత్ తీరాక ఆమె మళ్లీ నికాహ్ చేసుకుంటానంటే అడ్డుపడకుండా ఉండేదెవరు? బాబాయిలు, మేనమామలు, అన్నదమ్ములు తమను తాము వేసుకోవలసిన ప్రశ్నలివి. ఈ జుమా నాడు మన మొహల్లాలో అలాంటి ఇల్లు ఏదైనా ఉందేమో చూద్దాం. ఉంటే ఖాళీ చేతులతో వెళ్లకుండా, పిల్లలను దగ్గరకు తీసుకుని వారి తండ్రి గురించి నాలుగు మంచి మాటలు చెబుదాం. అల్లాహ్ మనకు ఆ భాగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.