ఫాదర్ డామియన్ జీవిత చరిత్ర

ఈసారి మన గోడపత్రికలో నేను ఫాదర్ డామియన్ గురించి రాస్తున్నాను. ఆయన పుస్తకం మన లైబ్రరీలో దొరికింది. అందులో రెండు ఫోటోలు ఉన్నాయి. ఒకటి వయసులో ఉన్నప్పటిది. ముఖం అందంగా ఉంటుంది. రెండోది చనిపోయే ముందు తీసింది. ముఖం అంతా ఉబ్బిపోయి గడ్డలు గడ్డలుగా ఉంటుంది. నేను మొదట ఆ రెండో ఫోటోని చేత్తో మూసి పుస్తకం చదివాను. అయిపోయాక చెయ్యి తీసేశాను. ఎందుకో చివర చెబుతాను.

డామియన్ 1840 జనవరి 3న బెల్జియం దేశంలో ట్రెమెలో అనే ఊరిలో పుట్టాడు. అసలు పేరు జోసెఫ్. వాళ్లది వ్యవసాయం చేసే కుటుంబం. 13 ఏళ్లకే బడి మానేసి పొలం పనికి పోయాడు. తర్వాత తన అన్న చేరిన కాథలిక్ మఠంలోనే 1859లో తనూ చేరాడు. అక్కడ పెద్దలు ఈ అబ్బాయికి చదువు లేదు, ఫాదర్ కాలేడు అనుకున్నారు. అప్పుడు జోసెఫ్ అన్న దగ్గర కూర్చుని లాటిన్ భాష నేర్చుకున్నాడు. మనలాంటి వాళ్లం ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. మా ఇంట్లో కూడా బడికి వచ్చింది మొదట నేనే.

1863లో అన్నను హవాయి దీవులకు పంపాలని నిర్ణయించారు. కానీ అన్నకు జబ్బు చేసింది. నేను పోతాను అని తమ్ముడు అడిగి మరీ ఓడ ఎక్కాడు. దాదాపు ఐదు నెలలు సముద్రం మీద పోయి 1864 మార్చి 19న హోనలూలూ చేరాడు. అదే ఏడాది మే నెలలో ఫాదర్ అయ్యాడు.

హవాయి దీవులు పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఉన్నాయి. అప్పుడు అక్కడ రాజుల పాలన. ఆ రోజుల్లో అక్కడ కుష్ఠు వ్యాధి బాగా వచ్చింది. మా గూడెంలో దీన్ని పెద్దరోగం అంటారు. అప్పటికి దానికి మందు లేదు. 1865లో ఒక చట్టం చేశారు. రోగం ఉన్నవాళ్లను పట్టుకుని మొలొకాయ్ అనే దీవిలో కలవావో అనే చోట విడిచిపెట్టేవారు. అక్కడ మూడు వైపులా సముద్రం, ఒక వైపు నిటారుగా పెద్ద కొండ. పారిపోవడానికి లేదు. తల్లిని పిల్లల నుండి, భర్తను భార్య నుండి విడదీశారు. ఆ చట్టం 1969 దాకా ఉంది. అన్నేళ్లలో సుమారు 8 వేల మందిని అక్కడికి పంపారు.

వాళ్లకు ఒక ఫాదర్ కావాలి. బిషప్ గారు ఎవరినీ బలవంతం చేయలేదు. నలుగురు ముందుకొచ్చారు. వంతుల ప్రకారం కొన్ని నెలలు ఉండి రావాలి అనుకున్నారు. మొదటి వంతు డామియన్‌ది. 1873 మే 10న వెళ్లాడు. అప్పుడు 33 ఏళ్లు. మొదట్లో ఇల్లు లేక ఒక చెట్టు కింద పడుకున్నాడు. తర్వాత నేను ఇక్కడే ఉండిపోతాను అని అడిగాడు.

డామియన్‌కి మొదట్లో ఆ వాసన పడేది కాదు. పుండ్ల వాసనకు ప్రార్థన మధ్యలో బయటికి పోవాల్సి వచ్చేది. వాసన తెలియకుండా పొగ పైపు తాగడం అలవాటు చేసుకున్నాడు. అంటే ఆయనకు అసహ్యం లేదని కాదు. అసహ్యం ఉన్నా వాళ్లను వదిలి పోలేదు.

ఆయన పుండ్లు కడిగి కట్లు కట్టాడు. ఇళ్లు కట్టాడు. దూరం నుండి గొట్టాలు వేసి నీళ్లు తెచ్చాడు. చనిపోయిన వాళ్లకు పెట్టెలు చేసి, తనే గుంటలు తవ్వి పూడ్చాడు. చేమదుంప దంచి చేసే ముద్దను వాళ్లతో కలిసి ఒకే గిన్నెలో తిన్నాడు. రోగం వల్ల కొందరు ఉమ్ము మింగలేకపోయేవారు. చర్చి పాడవుతుందని సిగ్గుపడి లోపలికి రాలేదు. డామియన్ ఏం చేశాడంటే చర్చి చెక్క నేలకు రంధ్రాలు కోశాడు. ఆకు గొట్టంలా చుట్టి అందులో ఉమ్మితే కిందికి పోతుంది. నేల అందం పోయింది. కానీ మనుషులు లోపలికి వచ్చారు.

1884 డిసెంబరులో ఒకరోజు కాళ్లు వేడి నీళ్లలో పెట్టాడు. చర్మం బొబ్బలెక్కింది గానీ నొప్పి తెలియలేదు. అలా ఆయనకు కూడా రోగం వచ్చిందని తెలిసింది. అయినా పని ఆపలేదు. 1889 ఏప్రిల్ 15న 49 ఏళ్లకు చనిపోయాడు.

ఇప్పుడు అసలు సంగతి. హోనలూలూలో హైడ్ అనే బోధకుడు ఉండేవాడు. చదువుకున్నవాడు, పేరున్నవాడు. డామియన్ చనిపోయిన ఏడాదే ఆయన ఒక ఉత్తరం రాశాడు. డామియన్ మురికిగా ఉండేవాడని, మొరటువాడని, మొండివాడని, నడవడి కూడా మంచిది కాదని అందులో రాశాడు. అది పత్రికలో వచ్చింది. ట్రెజర్ ఐలాండ్ కథ రాసిన స్టీవెన్సన్ దాన్ని చదివాడు. స్టీవెన్సన్ కాథలిక్ కాదు. కానీ డామియన్ చనిపోయిన నెలకు కలవావో వైపు వెళ్లి, ఎనిమిది రోజులు ఉండి, రోగులను చూసి వచ్చినవాడు. 1890లో ఆయన హైడ్‌కు జవాబు రాసి అచ్చు వేయించాడు. డామియన్ మురికిగా, మొండిగా ఉన్నది నిజమే అని ఒప్పుకున్నాడు. నడవడి మీద వేసిన నిందను మాత్రం నమ్మలేదు. మనం మంచి ఇంట్లో కూర్చుని ఉన్నప్పుడు ఆ పని చేసినవాడు ఆయన కదా అని అడిగాడు. డామియన్ బట్టల మీద మురికి పుండ్లు కడిగినందుకు, గుంటలు తవ్వినందుకు అయింది అని నాకు అర్థమైంది.

1936లో ఆయన శవపేటికను బెల్జియం తీసుకుపోయారు. 1995లో ఆయన కుడి చేతి అవశేషాన్ని మళ్లీ కలవావో తెచ్చి పాత సమాధిలో పెట్టారు. 2009 అక్టోబరు 11న పోప్ గారు ఆయనను పునీతుడిగా ప్రకటించారు.

ఇక నా సంగతి. మేము కాథలిక్కులం కాదు గానీ ప్రతి ఆదివారం మందిరానికి పోతాం. మా గూడెంలో ఒక అవ్వ ఉంది. నాకు అమ్మమ్మ వరస అవుతుంది. ఆమెకు వేళ్లు లేవు. మందిరంలో గుమ్మం పక్కన కూర్చుంటుంది. పోయిన క్రిస్మస్‌కి నేను కొత్త గౌను వేసుకుని, తలలో పూలు పెట్టుకుని ముందు వరసలో నిలబడి పాట పాడాను. బాగా పాడానని అందరూ మెచ్చుకున్నారు. బయటికి వచ్చేటప్పుడు అవ్వ నా చెయ్యి పట్టుకోవాలని తన చెయ్యి చాపింది. నేను గౌను అంటుకుంటుందని వెనక్కి జరిగి, దూరం నుండే వందనాలు అవ్వా అన్నాను. ఆమె చెయ్యి కొంగు కింద పెట్టుకుంది. ఎవరూ చూడలేదు. దేవుడు చూశాడు.

తర్వాత మన హాస్టల్‌కు మచ్చలు చూడడానికి వచ్చిన నర్సమ్మ గారు చెప్పారు. ఈ రోగానికి ఇప్పుడు మందు ఉంది. ఆరు నెలలు గానీ సంవత్సరం గానీ బిళ్లలు మింగితే తగ్గిపోతుంది. ప్రభుత్వం ఊరికే ఇస్తుంది. మందు వాడినవాళ్ల నుండి రాదు. అవ్వ ఎప్పుడో మందు వాడింది. అంటే ఆమె దగ్గర భయపడాల్సింది ఏమీ లేదు. డామియన్‌కి అప్పుడు నిజంగా భయపడాల్సింది ఉంది. అయినా చెయ్యి పట్టుకున్నాడు.

ముందు వరసలో పాడింది నా నోరు. గుమ్మం దగ్గర వెనక్కి జరిగింది నా మనసు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు గుమ్మం పక్కన అవ్వ దగ్గర కూర్చుంటాను. నాకు ఇప్పటికీ కొంచెం సిగ్గుగా ఉంది. అయినా కూర్చుంటాను.

నీతి: మనుషులు మన బట్టలు చూస్తారు, దేవుడు మన మనసు చూస్తాడు.

తప్పులు ఉంటే క్షమించండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని