కిరణముల శక్తిని కొలిచిన స్వామి జ్ఞానానంద

హైదరాబాదు నగరమున, పంజగుట్ట యందు నిజాం వైద్య విజ్ఞాన సంస్థ కలదు. అచటినుండి అమీర్‌పేట దిక్కునకు పోవువారికి రోగనిర్ణయ కేంద్రములు పెక్కు కానవచ్చును. శరీరమును కోయకయే లోపలి భాగములను పొరలు పొరలుగా చూపు సి.టి. స్కాను నేడు సామాన్యులకును పరిచితమే. ఈ యంత్రములలో నూతనతరమునకు చెందినది ఫోటాన్ లెక్కింపు స్కానర్. తనను చేరిన ప్రతి ఎక్స్ కిరణ కణమును విడిగా లెక్కించి, దాని శక్తి యెంతయో గుర్తించుట దీని విశేషము. ఎక్స్ కిరణముల శక్తిని కొలుచు విద్యను తొమ్మిది దశాబ్దములకు పూర్వమే తపస్సువలె సాధించిన తెలుగువా డొకరు కలరు. ఆయనయే స్వామి జ్ఞానానంద.

నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో, భీమవరమునకు సమీపమున గల గొరగనమూడి గ్రామమున 1896లో ఆయన జన్మించిరి. పూర్వాశ్రమ నామము భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. చిన్ననాటనే వేదాంతమునందు మనసు నిలిపి, యౌవనమున ఇల్లు విడిచి, హిమాలయ ప్రాంతమున యోగసాధన చేసిరి. పిమ్మట 1920ల చివర జర్మనీకేగి భారతీయ తత్త్వమును గూర్చి ఉపన్యసించిరి. అచటనే ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతము ఆయన నాకర్షించెను. గురువుగా మన్ననలందుకొనుచున్న సన్యాసి మరల శిష్యుడై గణితమును, భౌతికశాస్త్రమును అభ్యసింప పూనుకొనెను. ఆయన జీవితమున ఇదియే గొప్ప మలుపు.

ప్రాగ్ నగరములోని చార్లెస్ విశ్వవిద్యాలయమున ఆచార్య డోలెయ్‌షెక్ వద్ద ఎక్స్ కిరణ వర్ణపటములను గూర్చి పరిశోధించి, 1936లో డాక్టరు పట్టమును పొందిరి. ప్రతి మూలకమునకును తనదే యగు ఎక్స్ కిరణ వర్ణపటము కలదు. వేలిముద్రనుబట్టి మనుష్యుని గుర్తించునట్లు, ఆ వర్ణపటమునుబట్టి మూలకమును గుర్తింపవచ్చును. అయితే శక్తి తక్కువగల కిరణములను గాలియే మింగివేయును. కావున పరికరమునుండి గాలిని తొలగించి శూన్యమును కల్పింపవలెను.

అనంతరము ఆయన ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో, న్యూట్రానును కనుగొనిన చాడ్విక్ వద్ద బీటా కిరణముల శక్తిని కొలుచు పరిశోధన గావించిరి. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమునందును కృషి చేసిరి. శూన్యమును కల్పించు, కొలుచు విధానములను వివరించు ఆయన గ్రంథము హై వాక్యువా 1947లో వెలువడెను. స్వదేశమునకు మరలి, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసి, తరువాత విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి, అచట 1956లో ఏర్పడిన అణుకేంద్ర భౌతికశాస్త్ర శాఖను తీర్చిదిద్దిరి. 1969లో పరమపదించిరి.

ఆయన గతించిన రెండేండ్లకు, 1971 అక్టోబరు 1న, లండనులో ఒక రోగికి తొలి సి.టి. స్కాను తీయబడెను. నాటినుండి వాడుకలోనున్న సాధారణ యంత్రము కిరణములను ముందు వెలుగుగా, ఆ వెలుగును విద్యుత్తుగా మార్చి, అంతయు కలిపి మొత్తము కట్టును. రూపాయలును, పైసలును ఒకే సంచిలో పోసి బరువు తూచినట్లుండును ఈ పద్ధతి. నూతన యంత్రమున కాడ్మియం టెల్యూరైడ్ వంటి స్ఫటికము ప్రతి కణమును నేరుగా విద్యుత్ స్పందనముగా మార్చును. స్పందనము ఎంత ఎత్తైన, కణము శక్తి అంత హెచ్చు.

దీనివలన ప్రయోజనమేమి? రక్తనాళముల పరీక్షలో ఎక్కించు అయోడినును, నాళపు గోడలో గట్టిపడిన సున్నమును సాధారణ చిత్రమున ఒకే తెలుపుగా కనబడవచ్చును. కాని 33 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల యొద్ద అయోడిను కిరణములను మ్రింగు గుణము హఠాత్తుగా పెరుగును. సున్నములోని కాల్షియమునకు అచట అట్టి మార్పు లేదు. శక్తి తెలిసినచో రెండును వేరుపడును. చిక్కులును లేకపోలేదు. కణములు మిక్కిలి వేగముగా వచ్చిపడినచో రెండు స్పందనములు ఒకటిగా కలిసిపోవును. ఒకే కణపు విద్యుత్తు రెండు గదులకు పంచుకొనబడినచో శక్తి తప్పుగా నమోదగును. ఈ లోపములను సవరించుటపైననే చిత్రపు నాణ్యము ఆధారపడును. ఇట్టి యంత్రమునకు 2021లో అమెరికా ప్రభుత్వము అనుమతి నొసగెను.

స్వామి సి.టి. యంత్రమును నిర్మింపలేదు, దానిని చూడనైన లేదు. కాని కిరణమును దాని శక్తినిబట్టి పోల్చుకొను శాస్త్రమునకు ఓర్పుతో సేవచేసిన వారిలో ఆయన యొకరు. నేడు అమీర్‌పేట శిక్షణాలయముల మెట్లెక్కు యువకులు, చదివిన చదువు చాలక మరల మొదలుపెట్టవలసి వచ్చెనే యని కుందుదురు. ముప్పది యేండ్లు దాటిన సన్యాసికి విదేశమున, పరభాషలో, లెక్కలు నేర్చుకొనుటకు సంకోచము కలుగలేదు. ఉపాధ్యాయులు తమ శిష్యులకు ఈ కథ తప్పక చెప్పవలెను.