బొమ్మ మసకే.. బుర్ర మాత్రం హెచ్‌డీ!

కొత్త గేమింగ్ కన్సోల్ వస్తోందంటే మీరు ముందు ఆరా తీసేదేంటి? 4కే ఉందా, 8కే ఇస్తారా అనేగా! 4కే తెరపై దాదాపు 83 లక్షల పిక్సెళ్లుంటాయి. అందులో 360వ వంతు, అంటే కేవలం 23,040 పిక్సెళ్లున్న తెరతో ప్రపంచాన్ని ఆడించిన ఇంజినీర్ గురించి తెలుసా? ఆయనే గున్‌పే యొకోయ్.

1941లో జపాన్‌లోని క్యోటోలో పుట్టారు. దోషిషా యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ చదివారు. పెద్ద కంపెనీల్లో చోటు దక్కలేదు. 1965లో సొంతూళ్లోని నింటెండోలో చేరితే, అప్పగించిన పని పేకముక్కలు తయారుచేసే మెషీన్ల మెయింటెనెన్స్! మీరైతే చదువంతా వృథా అయిందని దిగాలు పడేవారేమో. ఆయన మాత్రం ఖాళీ టైంలో సరదాగా, ముందుకు సాగి వస్తువుల్ని పట్టుకునే చేయిలాంటి బొమ్మ చేసుకున్నారు. అది కంపెనీ ప్రెసిడెంట్ హిరోషి యమౌచి కంటపడింది. 1966లో అల్ట్రా హ్యాండ్ పేరుతో మార్కెట్లోకొచ్చి, పది లక్షలకు పైగా అమ్ముడైంది. మెయింటెనెన్స్ కుర్రాడు బొమ్మల డిజైనరైపోయారు.

రైల్లో ఓ ఉద్యోగి కాలక్షేపానికి కాలిక్యులేటర్ మీటలు నొక్కడం చూసి, జేబులో పట్టే గేమ్ అండ్ వాచ్ తయారుచేశారు. అది 1980లో వచ్చింది. ఇప్పుడు మీ కంట్రోలర్ మీదుండే ప్లస్ ఆకారపు బటన్ కూడా 1982లో ఆయన తెచ్చిందే.

యొకోయ్ సూత్రం ఒక్కటే. బాగా పాతబడి, చవకగా దొరికే టెక్నాలజీనే తీసుకోవాలి. వాడే తీరు మాత్రం కొత్తగా ఉండాలి. 1989 నాటి గేమ్ బాయ్ అలా పుట్టిందే. రంగుల్లేవు, తెరకు లైటూ లేదు. పోటీకొచ్చిన సెగా గేమ్ గేర్‌ది కలర్ స్క్రీనే. కానీ ఆరు బ్యాటరీలు వేసినా కొన్ని గంటలకే ఆగిపోయేది. గేమ్ బాయ్ నాలిగింటితోనే పది గంటలు దాటేది. తర్వాతొచ్చిన కలర్ మోడల్‌తో కలిపి 11.8 కోట్లకు పైగా అమ్ముడైంది.

అన్నీ విజయాలే అనుకోకండి. 1995లో తెచ్చిన త్రీడీ వర్చువల్ బాయ్‌లో కనిపించేది ఎరుపు రంగొక్కటే. ఏడాది తిరక్కుండానే మూలన పడింది. 1996లో, 31 ఏళ్ల ఉద్యోగం వదిలేసి, 55వ ఏట కోటో అనే సొంత కంపెనీ పెట్టారు. ఒక్క బ్యాటరీతో నడిచే వండర్‌స్వాన్ పనిలో ఉండగానే, 1997 అక్టోబరు 4న రోడ్డు ప్రమాదంలో కన్నుమూశారు. 1999లో అది విడుదలైంది. తెర మళ్లీ బ్లాక్ అండ్ వైటే! అందులో ఓ పజిల్ గేమ్‌కి ఆయన పేరే పెట్టారు.

గేమ్ డిజైన్‌లోకి రావాలనుకుంటున్నారా? ఖరీదైన ల్యాప్‌టాప్ కొనేదాకా ఆగకండి. చేతిలో ఉన్నదాంతోనే మొదలెట్టండి.